గాష్పర్ గుడిసెలో హెర్మీనా

లిప్తోవ్ లోయలో సగంమంది ఆడవాళ్లు బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల ముందే ముసలివాళ్లయ్యారు. హెర్మీనా తన బతుకూ అంతేననుకుంది. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం పోయిన కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి, భర్త లేడు, బడికెళ్లే కూతురుంది. కుర్రకారు బ్రతిస్లావా కార్ల ఫ్యాక్టరీకో, సరిహద్దు దాటి ఆస్ట్రియాకో వెళ్లిపోయారు. ఆమెను రమ్మన్నవాళ్లు లేరు.

మే నెలలో గొర్రెల మందలు మేతకు కొండెక్కాక, ఆమె కూడా ఎక్కి గాష్పర్ గుడిసె ముందు నిలబడింది. గాష్పర్ మందకు పెద్ద. గొర్రెపాలతో చీజ్ చేసేదీ, అది నిలవుండేలా దానికి పొగబెట్టేదీ ఆయనే.

"పాలు పితకడానికి మనిషి కావాలన్నారట కదా, మామా."

"మగమనిషి కావాలన్నారు," అన్నాడు పాలు పితికే దుషాన్. "ఆడది లోపలికొస్తే చీజ్ పాడైపోతుందంటారు."

గాష్పర్ పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "ఆ గొర్రెలన్నీ ఏంట్రా మరి, మగవా? లోపలికి రావమ్మా. చేతులు కడుక్కో."

పితకడం తొందరగానే వచ్చింది. చీజ్ మాత్రం లొంగలేదు. పేరుకున్న పాలను విరగ్గొట్టి, ఆ వెచ్చని విరుగుడు నీటిలో చేతులు ముంచి, ముద్దను మెల్లగా ఒకచోటికి చేర్చాలి. ఆమె మొదట చేసిన ముద్ద గుడ్డలోంచి పిండిలా రాలిపోయింది. దుషాన్ పగలబడి నవ్వాడు. గాష్పర్ మాత్రం ఆ రాలిన ముక్కలు ఏరి బంగాళాదుంపల మీద చల్లుకుని తిన్నాడు. "రుచి బాగానే ఉంది. నీ చేతులకే కంగారెక్కువ," అన్నాడు.

మూడో ఏడు జూన్‌లో మంచు పడింది. చెదిరిన గొర్రెల కోసం వెళ్లిన గాష్పర్ రాళ్లమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. హెర్మీనా, దుషాన్ ఆయన్ని దుప్పటిలో మోసుకుని దారిదాకా దించారు. అంబులెన్స్ ఎక్కిస్తుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నా సంగతి డాక్టర్లు చూసుకుంటారు. పాలు ఆగవు, వెళ్లు."

వెనక్కి ఎక్కేసరికి మంద అరుస్తోంది. దుషాన్ పితకడానికి కూర్చున్నాడు. పాలు నిండిన పీపా ఆమె ముందుకు జరిపి, "నువ్వే చెయ్యాలి, అక్కా. నాకు రాదు," అన్నాడు. అతను ఆమెను అక్కా అనడం అదే మొదలు.

ఆ ముద్ద నిలిచింది. ఆదివారం దుషాన్ ఒక ముక్క ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గాష్పర్ నములుతూ ఉప్పు తక్కువన్నాడట, మళ్లీ ఇంకో ముక్క అడిగాడట. ఆయన కాలు కొండ ఎక్కేంతగా ఎప్పటికీ బాగుపడలేదు. చీజ్ పనితో సహా గుడిసె హెర్మీనాకే వచ్చింది. కూతురి చదువు, ఇంటి పైకప్పు బాగుచేయించడం, అన్నీ దాని మీదే జరిగాయి.

ఇప్పటికీ మంద కొండెక్కే రోజున ఆమె గాష్పర్‌ను ట్రాక్టర్ మీద కూర్చోబెట్టి తీసుకొస్తుంది. చీజ్ తీశాక మిగిలిన నీటిని కాచి, వేడివేడిగా చెక్క గిన్నెలో పోసి ఇస్తుంది. మొన్న ఇస్తూ, ఇన్నేళ్లుగా నోట్లోనే ఉండిపోయిన మాట అనేసింది.

"ఆ రోజు నువ్వు కాదని ఉంటే నేనేమైపోయేదాన్నో, మామా."

గాష్పర్ మూతి తుడుచుకున్నాడు. "నేను చేసిందేముందే? ఆ ఏడు పితికేవాడు దొరకలేదు. ఎవరొచ్చినా తీసుకునేవాణ్ణి."

"తెలుసులే. వచ్చింది నేను కదా."

ఆయన నవ్వి గిన్నె మళ్లీ చాచాడు. ఆమె నిండుగా పోసింది.