పచ్చలైటు ఆరిపోయిన వేళలు

నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. అవి వచ్చింది బడిలో కాదు, నారాయణఖేడ్‌లో నేను ఊడ్చి తుడిచే ఒక గదిలో. చుట్టుపక్కల రైతులకు పంటల ధరలు, వానల కబురు చెప్పడానికి ఒక సంస్థ ఆ గదిని తీసుకుంది. పైన సిమెంటు రేకులు, లోపల రెండు బల్లలు, ఒక పాత కంప్యూటర్. హైదరాబాద్‌లోని పెద్దాఫీసులో వాడి వాడి పక్కన పెట్టేసిన కంప్యూటర్ అది. దాన్ని నడపడానికి జహీరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చి ఖేడ్‌లోనే ఉండేది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను ఆమెను మేడం అనేదాన్ని, ఆమె నన్ను అక్క అనేది.

ఒక ఆదివారం ఆమె మా చర్చికి వచ్చి నా పక్కన కూర్చుంది. పాటలన్నీ నాకు నోటికి వచ్చు. పుస్తకం చేతిలో తెరిచి పట్టుకొని, పక్కనున్నవాళ్లు పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. అంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు మాత్రం రెండు పేజీలు ఒక్కసారే తిప్పానట. మరునాడు ఆమె ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం తిన్న గిన్నెలు కడిగాక, ఒక పలక తెచ్చి నా ముందు పెట్టింది.

“పలక ఏంది మేడం, నన్ను ఒకటో తరగతిల కూసోబెడ్తవా?”

“కూసో అక్క. నేను గూడ గీడికెళ్లే మొదలువెట్టిన.”

ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట నాది. ఇంట్లో, చేనులో, కూలికాడ, ఎక్కడా ఒక గంట నాదని నాకు ఎన్నడూ లేదు.

గదికి మామూలు ఫోను ఉండేది. దాని మీద ఇంటర్నెట్ కలిసేది తక్కువ, తెగేది ఎక్కువ. కంది ధర తెర మీదికి పూర్తిగా రాకముందే పోయేది. నాగల్‌గిద్ద నుంచి పొద్దున బయలుదేరి వచ్చిన రైతులు బల్ల చుట్టూ నిలబడి, ఏమీ తెలియకుండా తిరిగి వెళ్లేవాళ్లు. అందుకని పెద్దాఫీసువాళ్లు ఐఎస్‌డీఎన్ అనే కొత్తరకం లైను పెట్టించారు. అదీ టెలిఫోన్ తీగే కానీ, తెగకుండా వేగంగా నడుస్తుందట. గోడకు బల్ల కింద ఒక తెల్ల డబ్బా బిగించారు. దాని మీద పచ్చలైటు వెలుగుతుంటే లైను ఉన్నట్టు, ఆరితే పోయినట్టు. ఆ డబ్బాలో నుంచి వచ్చే తీగ కంప్యూటర్ లోపల బిగించే ఒక కార్డుకు తగలాలి.

కార్డు బిగించడానికి హైదరాబాద్ నుంచి మెకానిక్ బస్సులో వచ్చాడు. యాభై దాటిన మనిషి, గడ్డం సగం నెరిసింది. మేము సాబ్ అనేవాళ్లం. కంప్యూటర్ పెట్టె విప్పి లోపలి దుమ్ము చూసి, నా వైపు తిరిగాడు.

“అక్కా, గిండ్ల కందులు ఏస్తే మొలుస్తయి.”

నాకు సిగ్గేసింది. పైపైన తుడవడమే కానీ, లోపల తుడవాలని నాకు తెలియదు.

కార్డు బిగించి మిషన్ ఆన్ చేస్తే తెర అక్కడే నిలిచిపోయింది. తీసి ఇంకో సందులో బిగించాడు. మళ్లీ అంతే. మేడం మొహం చిన్నబోయింది. సాబ్ మాత్రం నీళ్లు తాగి నెమ్మదిగా చెప్పాడు.

“ఇండ్ల పాటలు వినిపించే కార్డ్ ఇంకోటుంది. దానిది అయిదో నంబర్. మిషన్ ఈ కొత్తదానికి గూడ అయిదే ఇచ్చింది. నంబర్ పిలిస్తే ఇద్దరు లేస్తున్నరు. మిషన్ పరేషాన్ అయితుంది.”

“దవాఖానల ఒక్క చీటి మీద ఇద్దరు నిలబడ్డట్టా సాబ్?”

“బస్, గదే. అక్కకు సమజైంది, మేడంకు కాలే.”

మేడం నవ్వింది. అతను కొత్త కార్డుకు పదో నంబరు ఇచ్చి, ఫ్లాపీలు ఒకటి తర్వాత ఒకటి పెట్టి, మూడు గంటలకల్లా లైను కలిపాడు. ఆ రోజు కంది ధర మొత్తం తెర మీదికి వచ్చింది. ఇగ తెగుతదని చూశాం. తెగలేదు.

ఆ సంతోషంలోనే నేను ఒక పని చేశాను.

మా వైపు ఇంట్లో మంచి వస్తువు ఏదున్నా దానికి బట్ట కుట్టి తొడుగుతాం. రేడియోకు సంచి, టీవీకి పూల తెర, కుట్టుమిషనుకు పాత చీర. కప్పకుండా వదిలేస్తే ఆ ఇంటి ఆడది పనిమంతురాలు కాదంటారు. చుట్టాలు వస్తే మాత్రం బట్టలన్నీ తీసి, వస్తువు తుడిచి చూపిస్తాం. గది ముందు మట్టిరోడ్డు. బండి పోయిందంటే దుమ్మంతా లోపలే. సాబ్ అన్న కందుల మాట నా మనసులో ఉంది. పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి, బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టి, ఎర్ర అంచు పెట్టి, గోడ మీది డబ్బాకు సరిగ్గా సరిపోయే తొడుగు చేశాను. పచ్చలైటు కనబడడానికి దానికి చిన్న రంధ్రం కూడా కత్తిరించి చుట్టూ కుట్టాను.

“మస్తు కుట్టినవ్ అక్క,” అంది మేడం. కంప్యూటర్ మీది బట్టను ఆమె పొద్దున్నే తీసేది. డబ్బాతో ఎవరికీ పని లేదు కాబట్టి, దాని తొడుగు దాని మీదే ఉండేది.

ఎండలు ముదిరాయి. లైను పోవడం మొదలైంది. పొద్దున బాగుండేది, మధ్యాహ్నానికి పోయేది. టెలిఫోన్ లైన్‌మన్ పొద్దున్నే వచ్చి పరీక్ష పెట్టి, “లైన్ ఖడక్ ఉంది, మీ కార్డ్ చూసుకోండ్రి,” అన్నాడు. సాబ్‌కు ఫోన్ చేస్తే, “కార్డ్‌కు ఏం కాలే, లైనే చూసుకొమ్మను,” అన్నాడు. అయినా బస్సెక్కి వచ్చాడు. వస్తున్నాడని తెలిసి నేను బట్టలన్నీ తీసి, డబ్బాను తుడిచి ఉంచాను. ఆ రోజు సాయంత్రం దాకా లైటు ఆరలేదు.

“సాబ్ చెయ్యి వడితే మంచిగుంటది,” అంది మేడం.

వారం తిరగకముందే మళ్లీ పిలిచాం. కార్డు ఊడదీసి, “రబ్బర్ ఉందా?” అని అడిగాడు. గదిలో ఉన్నది నేను పెన్సిల్ రాత చెరుపుకొనే రబ్బరు ఒక్కటే. దానితో కార్డు అంచున ఉన్న బంగారు రంగు గీతలను రుద్ది, మెరిపించి, మళ్లీ బిగించాడు. ఆ రోజూ నడిచింది. అతను బస్సెక్కిన మరునాడే పోయింది. బస్సుకు వెళ్లేముందు మాత్రం సాబ్ మేడంతో ఒక మాట చెప్పి వెళ్లాడు. లైటు ఏ రోజు ఏ వేళకు పోతుందో రాసి పెట్టమని.

మేడం ఆ పని నాకిచ్చింది. “ఇదే నీ కాపీ అక్క. లైట్ చూడు, గడియారం చూడు, రాయి.” ఒక కొత్త నోటుబుక్కు ఇచ్చింది. నేను నా చేత్తో, ఎవరూ చెప్పకుండా రాసిన మొదటి మాటలు అవే.

అప్పుడే పెద్దాఫీసు నుంచి కబురు వచ్చింది. ఖేడ్‌లో ఈ లైను నడవడం లేదు, ఈ నెల దాకా చూసి కంప్యూటర్‌ను జహీరాబాద్‌కు మార్చేస్తామని. మార్చితే మేడం కూడా వెళ్లాలి. నాకు అప్పటికి గుణింతాలు సగం వచ్చాయి. ఆమె పోతే ఆ సగం దగ్గరే ఆగిపోతాను. ఖేడ్‌లో నా వయసుదాన్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమె ఫోను పెట్టేసి నన్ను చూసింది. ఆ మధ్యాహ్నం పాఠం రెండు గంటలు చెప్పింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఇంటి ముందు కూర్చొని నా నోటుబుక్కు నేనే చదువుకున్నాను. సోమవారం పన్నెండు, పోయింది. మంగళవారం పదకొండున్నర, పోయింది. బుధవారం పోలేదు. గురువారం పన్నెండు, పోయింది. శుక్రవారం పోలేదు. శనివారం పదకొండున్నర, పోయింది.

బుధవారం సాబ్ ఇంకోసారి వచ్చి చూసి వెళ్లాడు. అందుకే పోలేదని నవ్వుకున్నాను. కానీ శుక్రవారం ఎవరూ రాలేదు. ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. పొద్దున బల్ల మీది చాయ్ ఒలికి డబ్బా తొడుగు తడిసింది. ఉతికి తీగ మీద ఆరేశాను. సాయంత్రం దాకా అది తీగ మీదే ఉంది. బుధవారం? సాబ్ వస్తున్నాడని, చుట్టాలకు తీసినట్టు నేనే తీసి దాచాను.

లైను చెడగొడుతున్నది లైన్‌మన్ కాదు, కార్డు కాదు, నేను.

ఊరికే బట్ట తీసేసి నోరు మూసుకుందామని అనుకున్నాను. ఎవరికీ తెలియదు. కానీ తెల్లవారి సోమవారం పెద్దాఫీసువాళ్లు సాబ్‌ను పంపేది బాగుచేయడానికి కాదు, కార్డు విప్పి కంప్యూటర్ కట్టేయడానికి. అతని ముందు లైను ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. ఇంకోరోజు నడిస్తే ఎవరు నమ్ముతారు? చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే గదే పోతుంది.

సోమవారం నేను వెళ్లేసరికే సాబ్ కంప్యూటర్ వెనక కూర్చొని మరలు విప్పుతున్నాడు. మేడం కాగితాలు అట్టపెట్టెలో సర్దుతోంది. లోపలికి రాగానే డబ్బా మీది తొడుగు తీసి చేతిలో పట్టుకున్నాను.

“సాబ్, జర ఆగు. లైన్ ఖరాబ్ చేస్తున్నది నేనే అనుకుంట.”

“నువ్వేం జేసినవ్ అక్క?” అంది మేడం. “నువ్వు తీగెలు ముట్టనే ముట్టవు.”

తొడుగు సాబ్ చేతికిచ్చాను. అతను అటూ ఇటూ తిప్పి, మందం చూసి, రంధ్రంలో వేలు పెట్టాడు.

“లైట్‌కు కిటికి పెట్టినవ్ అక్క. గాలికి పెట్టలే.”

నేను నోటుబుక్కు తీశాను. అతను ఉర్దూ, ఇంగ్లీషు చదివినవాడు. “నాకు తెలుగు సదవరాదు, నువ్వే సదువు,” అన్నాడు. నిలబడి చదివాను. ప్రతి రోజు దగ్గర ఆగి, ఆ రోజు తొడుగు ఉందో లేదో చెప్పాను. మేడం సర్దడం ఆపి వింటోంది.

అంతా విని సాబ్ విప్పిన మరలు మళ్లీ బిగించాడు. “ఇగ కప్పు అక్క. చూద్దాం, పోతదో లేదో.”

తొడుగు వేశాను. అప్పుడు పది దాటింది. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. నేను చాయ్ చేశాను. రేకులు కాలుతున్నాయి. సాబ్ మధ్య మధ్య లేచి బట్ట మీద చెయ్యి పెట్టి, “జరమొచ్చినట్టుంది,” అనేవాడు. పదకొండు అయింది, పోలేదు. పదకొండున్నర, పోలేదు. ఒక వస్తువు చెడిపోవాలని నేను అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. పన్నెండు కావస్తుండగా రంధ్రంలో పచ్చ వెలుగు మిణుకుమని ఆరింది. మేడం నా భుజం పట్టుకుంది. తొడుగు తీసి, డబ్బాను ఆపి, చల్లబడనిచ్చి మళ్లీ పెడితే లైటు వచ్చింది. సాయంత్రం వరకు పోలేదు.

సాబ్ అక్కడి నుంచే పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు. “కార్డ్‌ది లేదు, లైన్‌ది లేదు. డబ్బకు గాలి ఆడ్తలే. ఇక్కడ ఒకామె దినాం రాసిపెట్టింది, గా రాతతోనే దొరికింది.” ఎవరు కప్పారని అవతలివాళ్లు అడిగినట్టున్నారు. “దుమ్ముకు కప్పిండ్రు. మంచికే కప్పిండ్రు,” అని ఫోను పెట్టేశాడు.

ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నేనని చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నమే నా పని పోయేది. మూడుసార్లు బస్సులో వచ్చి ఊరికే తిరిగిపోయిన మనిషి, ఒక్క మాట తిట్టలేదు. మేడం నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు పాఠం ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఆమె ఇంకో రెండేళ్లు ఖేడ్‌లో ఉంది. ఇప్పుడు ఈ వాక్యాలు రాయగలుగుతున్నది ఆ రెండేళ్ల వల్లే. ఆ లైన్లు, ఆ కార్డులు ఇప్పుడు ఎక్కడా లేవు. చెబితే మా మనవరాలికి నమ్మకం కలగదు.

ఆ నెలాఖరున మేడం బ్యాంకుకు వెళ్లినప్పుడు, గది ముందు ఒక జీపు ఆగింది. డ్రైవర్ తాడు చేతబట్టుకొని దిగాడు.

“కంప్యూటర్ ఏది? జహీరాబాద్ తెమ్మన్నరు.”

“తీస్కపోయేది లేదు. లైన్ నడుస్తుంది.”

“నాకెవ్వరు చెప్పలే.”

“నేను చెప్తున్న గద.”

“నువ్వు చెప్తే నడవదమ్మా. ఖాళీ బండి ఎందుకు తెచ్చినవని నన్ను అంటరు. ఎవరన్న రాసియ్యాలె.”

నేను చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని, బల్ల దగ్గర కూర్చున్నాను. ‘లైను నడుస్తుంది. కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది’ అని రాశాను. చాలాసేపే పట్టింది. అతను తలుపు దగ్గర నిలబడి బీడీ తాగుతూ చూశాడు. కాగితం ఇస్తే రెండు మాటలూ పైకి చదివాడు.

“అక్షరాలు పెద్దగున్నయి గని, సమజైతుంది,” అని మడిచి జేబులో పెట్టుకొని, జీపు తిప్పుకొని వెళ్లిపోయాడు.