పది సెకన్ల పని

పోయిన వారం ధర్మవరంలోని నా వీడియో ఎడిటింగ్ షాపుకు మగ్గం నేసే ఒకాయన నాలుగు వీడియో ముక్కలు తెచ్చి, ఒకటిగా కలపమన్నాడు. చనిపోయిన తన నాయన పాత పడుగుకు కొత్త పోగులు మెలిపెట్టి అచ్చు అతకడం చూపించే వీడియోలవి. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, అంటే బొమ్మను తిరిగి తయారు చేయకుండా, ఉన్నది ఉన్నట్టే చివర్లు అతికి ఒకటిగా కలిపాను. పది సెకన్లు పట్టింది.

అదే నా నేరమైంది.

"పది సెకన్లకేనా? ఎవుర్ని మోసం జేస్తాండావు? హిందూపురం స్టూడియో ఆయప్పయితే రెండు గంటలు కూచోని చేస్తాడు" అని, ఫైలు కూడా తీసుకోకుండా పోయాడు.

ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. ఆ హిందూపురం స్టూడియో వాడు వీడియో మొత్తం కుదించి, మళ్లీ ఎన్‌కోడ్ చేసి, పైన గులాబీలు కూడా రాల్చాడు. పోగులూ వేళ్లూ కలిసి మసకముద్ద అయ్యాయి. అసలు వీడియోలేమో ఈయనే తన ఫోన్లోంచి తీసేశాడు.

"ఏమప్పా, మా నాయన చేతులే కనపడల్యా. నీ కాడేమన్నా ఉండాదా?"

"అచ్చు అతికేటప్పుడు నేసిన చీరంతా విప్పి మళ్లా నేస్తావా నువ్వు?" అని అడిగాను.

"యాడన్నా నేస్తారా?" అన్నాడు. తర్వాత అర్థమై తల దించుకున్నాడు.

నేను కలిపిన ఫైలు నా దగ్గరే ఉంది. కాపీ చేయడానికి పది సెకన్లు చాలు. "రెండు గంటలు పడుతుంది, కూర్చో" అన్నాను. బయట బెంచీ మీద ఎండలో సరిగ్గా రెండు గంటలు కూర్చోబెట్టి ఇచ్చాను. రెండు చేతులతో దండం పెట్టి, "ఇదప్పా పనంటే!" అన్నాడు.

అంతా అర్థమయ్యాక కూడా దండం గంటలకే! నాకు ఒళ్లు మండింది. మీరైతే ఎంతసేపు కూర్చోబెట్టేవారు?