బద్వేలులో కాలిపోయిన తొమ్మిది హెడ్లు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి సోమవారం పొద్దున, హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి నాకొక మెయిల్ వచ్చింది. అప్పుడు నేను ఒక ప్రింటర్ల కంపెనీకి కర్నూలులో ఏరియా సర్వీస్ ఇంజనీరుని. కర్నూలు, కడప జిల్లాల్లో మా ఇంక్‌జెట్ మిషన్లు ఎక్కడ మొరాయించినా ఆ తలనొప్పి చివరికి నా బల్ల మీదికే చేరేది. నా కింద ఆరుగురు ఫీల్డ్ టెక్నీషియన్లు ఉండేవాళ్లు. వాళ్లు కంపెనీ ఉద్యోగులు కారు, ఏడాదికోసారి రెన్యూ అయ్యే కాంట్రాక్టు మనుషులు. తీసెయ్యడానికి ఒక కాగితం చాలు.

మెయిల్ సారాంశం ఇది. బద్వేలు, మైదుకూరు ప్రాంతంలో రెండు నెలల్లో తొమ్మిది ప్రింట్‌హెడ్లు కాలిపోయాయి. మిగతా ఏరియా అంతా కలిపినా రెండే కాలాయి. తొమ్మిదింటికీ సర్వీసు చేసిన టెక్నీషియన్ ఒక్కడే, పేరు బాషా. అతను డూప్లికేట్ ఇంకు పోసి, ఒరిజినల్ కార్ట్రిడ్జిలు బయట అమ్ముకుంటున్నాడని అనుమానం. నేను స్వయంగా వెళ్లి విచారించి గురువారం సాయంత్రానికి రిపోర్టు పంపాలి. మా మేనేజరు ఫోన్ చేసి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు త్వరగా పట్టేయండి అని నవ్వాడు.

నాకు చిన్నప్పటి నుంచీ నిలకడ తక్కువ. కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే కాళ్లు ఊగుతాయి. ఆ మధ్యాహ్నమే, విచారణకు బయలుదేరకముందే, రిపోర్టు రాసిపెట్టుకున్నాను. కారణం: టెక్నీషియన్ నకిలీ ఇంకు వాడటం. సంతకం ఒక్కటే మిగిల్చాను. పని ముందే ముగించుకోవడం చురుకుదనమని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఇక్కడ ఈ వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. ఇంక్‌జెట్ మిషనులో ఉండే రంగులు నాలుగే: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి ఎరుపు, పసుపు, నలుపు. ఫోటోలో మనకు కనబడే రంగులన్నీ ఈ నాలుగింటి చుక్కలు పక్కపక్కన పడితే మన కన్ను కల్పించుకునేవే. మొదటి మూడూ కలిపితే నలుపు రావాలి గాని, నిజానికి బురద రంగు వస్తుంది. అందుకే నలుపు విడిగా పెడతారు. ఈ చుక్కల్ని కాగితం మీదికి చిమ్మేది హెడ్డు. దానికి వెంట్రుక కంటే సన్నని రంధ్రాలుంటాయి, ప్రతి రంధ్రం దగ్గరా ఒక బుల్లి హీటరు. హీటరు వేడెక్కగానే ఇంకు మరిగి బుడగ కడుతుంది, ఆ బుడగ ముందున్న చుక్కను బయటికి నెడుతుంది. హీటరును చల్లార్చేది కూడా ఆ ఇంకే. ఇంకు అందకపోతే, పొయ్యి మీద ఖాళీ మూకుడు పెట్టి మరిచిపోయినట్టే, హీటరు మాడిపోతుంది. హెడ్డు కాలడం అంటే అదే.

మంగళవారం తెల్లవారగానే బయలుదేరి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు చేరాను. బాషా బస్టాండు దగ్గర మోటారు సైకిలుతో నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లుగా నా కింద పనిచేస్తున్న మనిషి. ఎక్కువ మాట్లాడడు. నేను ఏం చెప్పినా చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంటాడు. ఆ బుక్కును చూసి మిగతా టెక్నీషియన్లు ఎగతాళి చేసేవాళ్లు. టీ తాగేటప్పుడు మెల్లగా అడిగాడు: "సార్, నా మింద ఏమన్నా కంప్లైంటు వచ్చిండాదా?" ఊరికే చూసిపోదామని వచ్చానని అబద్ధమాడాను. నమ్మలేదని అతని ముఖం చూస్తే తెలిసింది.

మొదటి షాపులో కాలిన హెడ్డుతో పాటు కార్ట్రిడ్జిల్నీ బయటికి తీశాను. నకిలీని పట్టడానికి మాకు మూడు పరీక్షలున్నాయి. కార్ట్రిడ్జి మీద చిప్పు నంబరును కంపెనీ జాబితాతో పోల్చడం, ఇంకును తెల్ల కాగితం మీద చుక్క వేసి అంచు ఎలా పాకుతుందో చూడటం, కార్ట్రిడ్జిని తూకం వేయడం. నంబరు కలిసింది. చుక్క అంచు శుభ్రంగా ఉంది. తూకం చూస్తే ఇంకు ముప్పాతిక దాకా ఉంది. అంటే ఇంకు ఒరిజినల్, పైగా నిండుగా ఉంది, అయినా హెడ్డుకు అందలేదు. నిజం చెప్పాలంటే నాకు బాషా మీద కంటే ఆ ఇంకు మీద కోపం వచ్చింది. నా రిపోర్టు చెడగొట్టినందుకు.

రెండో షాపులోనూ అదే కథ. నాలుగు కార్ట్రిడ్జిల మీదా స్టిక్కర్ బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి: మెజెంటా మీద ఎర్రది, సయాన్ మీద నీలిది, అట్లా. మొదటి షాపులోనూ చూశాను గాని పట్టించుకోలేదు. మా సీమలో లారీకి, మోటారుకు, కుట్టుమిషనుకు ఆయుధపూజ నాడు బొట్టు పెట్టడం ఉన్నదే. ప్రింటరుకూ పెట్టారు, పైగా రంగు తప్పకుండా గుర్తుగా పెట్టారు, మంచిదే అనుకున్నాను. పిల్లను చంకలో పెట్టుకొని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆ రోజు నాకు తెలియలేదు. బుధవారం తెలిసింది.

బుధవారం పదకొండు గంటలకు బద్వేలులో ఓబులమ్మ స్టూడియోకు పోయాము. ఆమెకు నలభై దాటి ఉంటాయి. కెమెరా, కంప్యూటరు, ప్రింటరు మూడూ తానే చూసుకుంటుంది. మాట కరుకు. నన్ను చూడగానే ఒక పెళ్లి ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది. "చూడండి సార్, పెండ్లికూతురికి పసిరికలు వచ్చినట్లు ఉండాది. వాళ్లమ్మ నా మింద ఎగబడింది." పసిరికలంటే పచ్చకామెర్లు. మెజెంటా అందకపోతే ముఖాలు అట్లాగే వస్తాయి. చర్మపు రంగులో ఎరుపుదనమంతా మెజెంటాదే. అది పోతే మిగిలేది పసరు రంగు.

పరీక్ష కోసం తెచ్చుకున్న హెడ్డును బిగించి, ఆమె ముందే కొత్త మెజెంటా కార్ట్రిడ్జి విప్పాను. పైన కంపెనీ అంటించిన నారింజ రంగు టేపు లాగేసి ఆమె చేతికిచ్చి, మిషనులో పెట్టమన్నాను. ఆమె తిన్నగా గోడ మీది అద్దం దగ్గరికి పోయింది. ఫోటోకు వచ్చినవాళ్లు ముఖం సర్దుకోవడానికి ప్రతి స్టూడియోలో ఉండే అద్దమే అది. దువ్వెన, పౌడరు డబ్బా, బొట్టుబిళ్లల అట్ట. ఆ అట్ట మీది నుంచి ఒక ఎర్ర బిళ్ల తీసి, నేను టేపు లాగిన చోటే, ఆవగింజంత రంధ్రం మీద, బొటనవేలితో గట్టిగా అదిమి అంటించింది.

నేను లేచి నిలబడ్డాను. అదేమిటమ్మా అంటే, "గాలి పోకుండా సార్. మీరు చెప్పిందే గదా" అంది.

ఆ రంధ్రం కార్ట్రిడ్జి ముక్కు. లోపల సగం స్పాంజి, సగం ద్రవం ఉంటాయి. ఇంకు కిందికి ఎంత దిగితే అంత గాలి పైనుంచి లోపలికి రావాలి. రాకపోతే లోపల శూన్యం ఏర్పడి ఇంకును వెనక్కి పట్టుకుంటుంది. కార్ట్రిడ్జి నిండుగా ఉండగానే హెడ్డు దాహంతో మాడుతుంది. పాత మెజెంటా కార్ట్రిడ్జిని వెలుతురుకు పట్టి దాని మీది బిళ్లను గోటితో లేపాను. పారదర్శకమైన గోడ వెనుక బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి పోయాయి. రెండు నెలల చిక్కు అంతటితో విడిపోయింది.

బాషా సంచిలో నుంచి నోటుబుక్కు తీసి ఒక పేజీ తెరిచాడు. జనవరిలో, ఎండలు రాకముందే, మైదుకూరులో షాపులవాళ్లకు, టెక్నీషియన్లకు నేను పెట్టిన మీటింగు. "మన ఎండకు ఇంకు ఎండిపోతుంది. కార్ట్రిడ్జిలోకి గాలి పోనియ్యకూడదు" అని రాసి, కింద గీత గీసి, పక్కన "సార్" అని పెట్టాడు. నా మాటే, అక్షరం పొల్లుపోలేదు. నేను చెప్పాలనుకున్నది వేరు. కార్ట్రిడ్జిని మిషనులో నుంచి తీసి బయట పెట్టొద్దని, గోడ స్విచ్చితో కాక మిషను బటనుతోనే ఆపాలని, అట్లా ఆపితేనే హెడ్డు తన రబ్బరు మూత కిందికి పోయి ఎండకుండా ఉంటుందని. కానీ ఆ రోజు మధ్యాహ్నానికి కర్నూలు చేరాలని నాకు తొందర. ఇదంతా ఒక్క వాక్యంలో కుదించి చెప్పి కారెక్కాను. చెప్పేవానికి వినేవాడు లోకువ.

"కొత్తదానికి కంపెనీవాళ్లే ఆడ టేపు అంటించి పంపిస్తాండారు గదా సార్" అన్నాడు బాషా. "గాలి పోకూడదనే గదా అంటించేది. పెరికినంక మళ్లా ఏమన్నా అంటించల్ల అనుకుంటి. బిళ్ల అయితే సరిగ్గా సరిపోతాండె. షాపులోళ్లకూ అట్లే చెప్తి." ఆ టేపు రవాణాలో ఇంకు కారకుండా వేసేది. ఆ మాట కూడా నేనెప్పుడూ అతనికి చెప్పలేదు.

మిగతా ఐదుగురు టెక్నీషియన్లు నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. వాళ్ల ఏరియాల్లో ఒకటి రెండు తప్ప హెడ్లు క్షేమంగా ఉన్నాయి. శ్రద్ధగా విని రాసుకున్నవాడి హెడ్లు కాలాయి, ఉద్యోగం ఊడేది కూడా అతనిదే.

మా రిపోర్టు ఫారంలో కారణం దగ్గర నాలుగు గళ్లుంటాయి: నకిలీ ఇంకు, కరెంటు లోపం, కస్టమరు తప్పు, టెక్నీషియన్ తప్పు. కస్టమరు తప్పు అని టిక్కు పెడితే వారంటీ పోయి తొమ్మిది షాపులకూ కొత్త హెడ్డు రాదు. టెక్నీషియన్ తప్పు అంటే బాషా ఇంటికి పోతాడు. అది అబద్ధం కూడా కాదు, బిళ్లలు అంటించమన్నది అతనే. అదే నన్ను ఊరించింది. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది, మచ్చ లేని రికార్డుంది. స్టూడియోలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరగడం మొదలుపెట్టాను. "కూచోండి సార్, మీరు తిరుగుతాంటే నాకు తల తిరుగుతాండాది" అంది ఓబులమ్మ.

బాషాను బయటికి పిలిచి, ఆ బుక్కు హెడ్డాఫీసుకు చూపిస్తావా అని అడిగాను. అడిగిన మరుక్షణమే నా మీద నాకే అసహ్యం వేసింది. అతను బుక్కును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. "ఇది నా సొంత బుక్కు సార్. ఎవురికీ సూపించేది కాదు." అంటే ఇక సాక్ష్యం లేదు. నేనేం రాసినా చెల్లుతుంది.

లోపలికి వచ్చి కర్నూలులో రాసుకున్న రిపోర్టును అడ్డంగా కొట్టేశాను. నాలుగు గళ్లనూ ఖాళీగా వదిలి కింద చేత్తో రాశాను: "మీటింగులో ఏరియా సర్వీస్ ఇంజనీరు ఇచ్చిన అసంపూర్ణమైన సూచన కారణం. టెక్నీషియన్ దాన్ని ఉన్నదున్నట్టు పాటించాడు." సంతకం చేసి, ఫోనులో ఫోటో తీసి, అక్కడికక్కడే మేనేజరుకు, ట్రైనింగ్ విభాగానికి పంపేశాను. గడువు గురువారం సాయంత్రం. కానీ ఒక్క రోజు ఆగితే నేను మనసు మార్చుకుంటానని నాకు బాగా తెలుసు. నా తొందర ఒక మనిషికి మేలు చేసింది నా సర్వీసు మొత్తంలో ఆ ఒక్కసారే.

పది నిమిషాల్లో మేనేజరు ఫోన్ చేశాడు. ఆ కాగితం తనకు చేరనట్టే చూసుకుంటానని, ఇంకోసారి ఆలోచించి రాయమని అన్నాడు. ట్రైనింగ్ వాళ్లకు కూడా పోయిందని చెప్పాను. మీ ఇష్టం అని ఆయన పెట్టేశాడు.

గురు, శుక్రవారాలు నేనూ బాషా షాపు షాపు తిరిగి బొట్టుబిళ్లలు పీకాము. ఎండకు జిగురు కరిగి కొన్ని రానేలేదు, బ్లేడుతో గీకాల్సి వచ్చింది. తొమ్మిది షాపులకూ కొత్త హెడ్లు వచ్చాయి. నాకు మందలింపు మెమో వచ్చింది. మీటింగులు చెప్పే పని నా నుంచి తీసేసి హైదరాబాదు నుంచి ఒక కుర్రాణ్ని పంపారు. నాకు బాధే అయింది. మైకు పట్టుకోవడం నాకు ఇష్టమైన పని. బాషా కాంట్రాక్టు ఆ ఏడూ రెన్యూ అయింది. అతను నాకు కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. మారింది ఒక్కటే. ఆ తర్వాత నేను ఏదైనా చెప్పబోతే నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీయకుండా నిలబడేవాడు. "ఈ తూరి చేసి సూపించండి సార్. అప్పుడు రాసుకుంటా."

సూచన సగమే చెబితే, వినని మనుషుల వల్ల నష్టం రాదు. విన్నవాడి వల్ల వస్తుంది, ఆ నష్టం కూడా విన్నవాడే మోస్తాడు. మిగిలిన రెండేళ్లూ నేను ఏ షాపుకు పోయినా, మిషను మూత తెరవకముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ని: పోయినసారి వచ్చినప్పుడు నేను మీకు ఏం చెప్పిపోయాను?