సోయి అనే మాట

మా తాత ఉర్దూల చదువుకున్నడు. మా నాయన నాలుగు దాంక ఉర్దూల, ఆ తర్వాత మరాఠీల చదివిండు. నేను ధర్మాబాద్ల తెలుగు బడికి పోయిన, ఏడు పాసైనంక మరాఠీ బడికి మారిన. నా కొడుకుది నాందేడ్ల ఇంగ్లీష్ మీడియం. ఒకే ఇంట్ల నాలుగు తరాలు, ఒకల రాత ఇంకొకలకు సరిగ్గ రాదు. తాత చేతిరాతను నాయన తడుముకుంట చదివేటోడు, నాకు అది కూడ రాలేదు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగును నా కొడుకు చదవలేడు.

ఊరు కదల్లేదు, సర్కార్లే మారినయని తాత అంటుండె. నిజాం కాలంల ఇటు నాందేడ్, అటు నిజామాబాద్ రెండూ ఒక్క సర్కారు కింది జిల్లాలే. ఆ తర్వాత భాషల లెక్కన రాష్ట్రాలు చేసిన్రు. నాయన ఊరు మహారాష్ట్రల పడ్డది. అమ్మ పుట్టిన ఊరు బాసర అవతల, అది తెలుగు రాష్ట్రం దిక్కు పోయింది. నడుమ గోదావరి, ఒక రైలు వంతెన. అమ్మ పెండ్లై వచ్చేటప్పటికే ఇక్కడి బడులల్ల మరాఠీ వచ్చేసింది గని, ఇండ్లల్ల తెలుగే ఉండె. మిర్చి బజార్ల బేరం తెలుగుల మొదలైతుండె, తూకం కాడ హిందీ వస్తుండె, రసీదు మరాఠీల రాస్తుండ్రి. నగరపరిషత్ ఆఫీసుల గుమాస్తా ముందు మరాఠీల అడిగేటోడు, హిందీల కసురుకునేటోడు, నువ్వు ఫలానా ఇంటోనివని గుర్తువట్టినంక తెలుగుల కూసోమనేటోడు. నా చిన్నతనంల మాకు అది వింతనిపించలేదు. అన్ని ఊర్లూ గట్లనే ఉంటయనుకున్నం.

నాకు జిల్లా పరిషత్ బడిల మాస్టర్ నౌకరి దొరికింది. నాందేడ్ల ఇల్లు కిరాయికి తీసుకున్నం. పెండ్లి పర్భణీ పిల్లతోని అయింది. మా కులపోల్లే, వాళ్ల ఇంటిపేరు చివర కూడ మా లెక్కనే 'వార్' ఉంటది. గని వాళ్లు అటు పోయి రెండు మూడు తరాలైంది. వాళ్ల నాయనమ్మతోనే తెలుగు అయిపోయింది. నా భార్యకు తెలుగు ఒక్క ముక్క రాదు. మా అమ్మకు మరాఠీ అర్థమైతుండె గని నోరు తిరగకపోయేది. నాయన పోయినంక అమ్మ మాతోనే నాందేడ్ల ఉండవట్టింది. పొద్దంత ఇంట్ల అత్తాకోడండ్లు ఇద్దరే. నేను బడి నుంచి వచ్చేదాంక వాళ్ల నడుమ మాట ఎట్ల నడిచేదో నాకు తెల్వదు.

మొదట్ల ఒకరోజు అమ్మ గోడ దిక్కు చూసి, "కాకి అచ్చింది, ఎవలో వస్తరు ఇయ్యాల" అన్నదట. మరాఠీల కాకీ అంటే చిన్నమ్మ. నా భార్య కొంగు సర్దుకొని, చెంబుల నీళ్లు పట్టుకొని వాకిట్లకు ఉరికింది. వాకిట్ల ఎవ్వలు లేరు. అత్త నవ్విన నవ్వుకు పక్కింటోల్లు బయటికొచ్చిన్రట. ఇంకోసారి "పాలు తాగు బిడ్డా" అంటే భయపడ్డది. పాల్ అంటే వాళ్లకు బల్లి. ఈ ముచ్చట్లు అమ్మ ప్రతి సుట్టానికి చెప్పేది. నా భార్యకు కోపం రాలేదు. ఆ నవ్వుల్లనే ఆమె తెలుగు నేర్చుకున్నది.

నేను నేర్పలేదు. నేను ఆమెతోని మరాఠీలనే మాట్లాడేటోన్ని, అదే అలవాటైంది. అమ్మనే నేర్పింది, పప్పు ఏరుకుంట, బట్టలు మడత పెట్టుకుంట. రెండు మూడేండ్లల్ల ఆమె తెలుగు మాట అచ్చం అమ్మ మాట లెక్కనే అయింది. "ఏంది గట్ల చేస్తవ్" అన్నదంటే ఆ గొంతుల అమ్మ వినవడుతుండె. అమ్మకు దాని మీద చానా గర్వం. నా కోడలు పర్భణీ నుంచి వచ్చింది గని నాకన్న మంచిగ మాట్లాడుతదని చెప్పుకునేది. నిజామాబాద్ల ఉన్న మా అక్కకు ఫోన్ చేసినప్పుడల్లా ఫోను కోడలి చేతికిచ్చి, మీ వదినెతోని తెలుగుల మాట్లాడు, దానికి మనసు నిండుతది అనేది. అక్కకు మరాఠీ రాదు. చిన్నప్పుడు ఎంతో కొంత ఉండె గని, అటు పెండ్లై పోయినంక మరిచిపోయింది. హిందీ ఇద్దరికీ వస్తది. గని అమ్మ మాట మీద నా భార్య ఎన్నడూ వదినెతోని హిందీ మాట్లాడలే.

అమ్మకు ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరినయి. నాందేడ్లనే ఒక దవాఖానల చేర్చినం. మందులకు తేరుకున్నది. మంచం మీద లేచి కూసొని చాయ తాగింది, నర్సుతోని తెలుగుల ఏందో అంటే ఆ పిల్ల అర్థం కాకున్నా తల ఊపింది. ఇంకో రెండు మూడు రోజులల్ల ఇంటికి పంపుతమన్నరు. అప్పుడే నాకు ఎలక్షన్ డ్యూటీ పడ్డది, కిన్వట్ దిక్కు అడవిల ఒక పల్లెకు. తప్పించుమని అర్జీ పెట్టిన గని కాలేదు. అమ్మకు చెప్పి పోయిన. "పోయి రా, నాకేమైతది" అన్నది.

ఓట్ల రోజు పోలింగ్ బూత్‌ల ఫోన్ బంద్ పెట్టుమన్నరు. ఆ పగటీలి అమ్మ పానం ఒక్కసారే దిగజారింది. కండ్లు మూసింది, పిలిస్తే పలకలేదు. డాక్టర్ నా భార్యను పక్కకు పిలిచి మరాఠీల మెల్లగ చెప్పిండట. ఇగ లేవకపోవచ్చు, శాంతంగ నిద్రల ఉన్నట్టే ఉన్నది, బాధ తెలుస్తలేదు, రావల్సినోల్లను పిలుచుకోండ్రి అని. ఆమె నాకు ఫోన్ చేసింది, కలవలేదు. పుణెల ఉన్న కొడుక్కు చేసింది. వానితోని మరాఠీల చెప్పింది, వాడు ఆఫీసు నుంచి అట్లనే బస్‌స్టాండుకు పోయిండు. ఆ తర్వాత అక్కకు చేసింది. అక్కతోని తెలుగుల చెప్పింది.

ఆమె చెప్పిన మాటలు నాకు ఆమె నోటితోనే తెలుసు, అక్క నోటితోని కూడ తెలుసు. ఇద్దరూ ఒక్క తీరుగనే చెప్తరు, అందుకే ఇద్దర్ల ఎవ్వలు అబద్ధమాడలేదని నాకు తెలుసు.

"వదినె, అత్తమ్మ పండుకున్నది. లేస్తలేదు. డాక్టర్ తక్లీబు ఏం లేదంటున్నడు. మీరు రాండ్రి."

అక్క అటు నుంచి, "పండుకోనీ, లేపకు. ఇన్ని రోజులకు నిద్రవట్టింది పాపం. నేను రేపు పొద్దుగాల బండికి వస్త" అన్నది.

నా భార్య, వదినెకు అర్థమైందనే అనుకున్నది. లేపకు అన్న మాట, పోయే మనిషిని సతాయించొద్దని బిడ్డ చెప్పే మాట అనుకున్నది. పెద్దామె, తన తల్లి సంగతి, ఇంకోసారి ఫోన్ చేసి నువ్వు ఇయ్యాలనే రావాలె అని తను ఎట్ల అంటది?

మా దిక్కు మనిషికి తెలివి తప్పితే సోయి లేదంటరు. సోయి తప్పింది, సోయికి వచ్చింది, గిట్ల. ఆ ఒక్క మాట ఆమె దగ్గర లేదు. అమ్మ ఆమెకు జరం నేర్పింది, దగ్గు నేర్పింది, నడుము నొప్పి నేర్పింది. సోయి అనే మాట వంటింట్ల అవసరం పడలే. హిందీల బేహోష్ అంటే అక్కకు ఆ నిమిషంలనే సమజైతుండె. ఆమెకు ఆ మాట తెలువక కాదు. వదినెతోని తెలుగుల మాట్లాడాలె, అంతే.

తెల్లారంగ అమ్మ పోయింది. కొడుకు అప్పటికే బస్సు దిగి వచ్చిండు, నాయనమ్మ చెయ్యి పట్టుకొని ఉన్నడు. నేను ఓట్ల మిషన్లు అప్పజెప్పి, చార్జింగ్ అయిపోయిన ఫోన్‌తోనే జీపు దిగి, దవాఖాన మెట్లు ఎక్కేటప్పటికి అక్క నా వెనుకనే ఆటో దిగింది. చేతిల సంచిల అమ్మకని తెచ్చిన జొన్న గటుక డబ్బా ఉండె. తల్లి నిద్రవోయి లేస్తది, ఆకలైతదని వండుకొచ్చింది. వరండల కొడుకు ముఖం చూసినంక మా ఇద్దరికి ఒక్కసారే తెలిసింది.

అక్క అమ్మను చూసి వచ్చి, చానా సేపు ఏడ్చి, తర్వాత నా భార్య దిక్కు తిరిగింది. గొంతు పెంచలే. "నిన్న ఫోన్ల పండుకున్నదన్నవ్. సోయి లేదని చెప్పొద్దా?" అన్నది.

నా భార్య కండ్లు తుడుచుకొని, "సోయి ఉండె వదినె. అంత సోయి ఉండె" అన్నది.

మరాఠీల సోయ్ అంటే సౌలతు, సౌకర్యం. మంచం మంచిగున్నది, ఆక్సిజన్ పెట్టిన్రు, నర్సులు దగ్గరనే ఉన్నరు, అత్తమ్మకు ఏ లోటు కానియ్యలేదని ఆమె చెప్తున్నది. అక్కకు వినవడ్డది వేరే. 

"సోయి ఉండెనా? మరి నన్ను అడిగిందా?"

"అడిగింది" అన్నది నా భార్య. అమ్మ అంతకు ముందటి రోజు అక్కను అడిగిన మాట నిజమే.

నాకు అప్పుడు సమజైంది. అక్క చెయ్యి పట్టుకొని చెప్పిన. మరాఠీల ఆ మాటకు అర్థం వేరే, అమ్మకు సోయి లేకుండె, నిన్న పగటీలి నుంచి లేకుండె, డాక్టర్‌ను అడుగు అని. అక్క నా దిక్కు చూడలే. "పుణె నుంచి మనుమడు వచ్చిండు. నిజామాబాద్ నుంచి నేను రాకపోదునా తమ్మీ?" అన్నది.  డాక్టర్ వచ్చి హిందీల చెప్పిండు. అక్క విన్నది, తల ఊపింది. గని మనసుల ఒకటి పడ్డది, అది పోలేదు. అమ్మ సోయిల ఉండి తనను అడుగుతుంటే, ఇటు ఫోన్ల పండుకున్నదని చెప్పిన్రు. ఇప్పటికీ ఆమె నమ్మేది అదే.

ఆ రోజు ఇంటికి వచ్చినంక, స్నానాలైనంక, నా భార్య నన్ను వంటింట్లకు పిలిచి మరాఠీల మెల్లగ అడిగింది, తెలుగుల సోయి అంటే ఏందని. చెప్పిన. ఆమె ఖాళీ పొయ్యి కాడ కూసొని మోకాళ్ల మీద తల పెట్టుకున్నది.

అస్తికలు బాసరల కలిపినం. పదకొండు రోజులు అక్క మా ఇంట్లనే ఉన్నది, నా భార్యతోని పని మాట తప్ప మాట్లాడలే. ఆ పని మాటకు నా భార్య తల మాత్రం ఊపేది. అక్క పోయినంక నేను గమనించిన సంగతి ఏందంటే, ఇంట్ల తెలుగు మాట బంద్ అయింది. నేను కావాలని తెలుగుల అడుగుతే ఆమె మరాఠీల జవాబిచ్చేది. కొడుక్కు ఎట్లా రాదు. అమ్మ పోతే ఇల్లు బోసిపోతది అంటరు కద, మా ఇంట్ల ఆమెతోని కలిసి ఒక భాష కూడ పోయింది. నేను బజారుకు పోయి, ధర్మాబాద్ దిక్కు నుంచి కూరగాయలు తెచ్చే ముసలామె కాడ అవసరం లేకున్నా నిలబడి మాట్లాడి వచ్చేటోన్ని.

సంవత్సరీకం ధర్మాబాద్ల మా పాత ఇంట్లనే చేసినం. అక్క వచ్చింది. వంటింట్ల ఇద్దరూ పక్కపక్కన కూసొని వంకాయలు కోసిన్రు, బూరెలు వండిన్రు. హిందీల మాట్లాడుకున్నరు. నూనె సరిపోతదా, బియ్యం నానినయా, పిల్లగాని ఉద్యోగం ఎట్లున్నది. ఒక్క గట్టి మాట రాలేదు. అది వింటుంటే నాకు దవాఖాన నాటి మాటలే నయమనిపించింది. పరాయి ఇండ్లోల్లు పెండ్లిల కలిసి పని చేసినట్టు చేసిన్రు. మా ఊర్ల మాత్రం చుట్టుపక్కలోల్లు, రెండు రాష్ట్రాల ఆడిబిడ్డా మరదలు ఎంత కలిసిమెలిసి ఉన్నరో అనుకున్నరు.

పొద్దుమూకంగ అక్కను నిజామాబాద్ బండి ఎక్కించినం. అక్క కిటికీల నుంచి నా భార్య చెయ్యి పట్టుకొని తెలుగుల, "ఒక్కసారి మా ఇంటికి రా. పాత ముచ్చట మనసుల పెట్టుకోకు" అన్నది. ఎంత కష్టంగ అన్నదో నాకు తెలుసు. నా భార్య ఆమె చెయ్యి విడిపించుకోలేదు. "హో తాయీ" అన్నది, సరే అక్కా అని మరాఠీల. బండి కదిలింది.

నాందేడ్ పోయే మా బండి ఆలస్యమైంది. ఎక్కినంక, నేను ఆమెను అడిగిన, అక్క దిగివచ్చి మాట్లాడింది కద, తెలుగుల ఒక్క మాట అంటే ఏమైతుండె అని. ఆమె బయటికి చూసుకుంటనే మరాఠీల అన్నది: నేను ఆ భాష నేర్చుకున్నది మీ అమ్మ కోసం. తప్పు మాట్లాడితే నవ్వేది ఆమె ఒక్కతే. మిగతా వాళ్ల ముందట తప్పు మాట్లాడుడు నాతోని కాదు.

మా ఎదురు సీట్ల ఒక ముసలామె ఉండె, కాళ్ల కాడ మూట. ఆమె నా భార్య దిక్కు వంగి, "బిడ్డా, కర్ఖేలి టేషన్ పోయిందా, ఇంకా రావాలెనా?" అని అడిగింది.

నా భార్యకు ఆ మాట ఎంత మంచిగ అర్థమైతదో నాకు తెలుసు. గని ఆమె ఆ ముసలామె ముఖంల ముఖం పెట్టి చూసి, తెలుగు రాదని మరాఠీల చెప్పింది.

వచ్చేది కర్ఖేలే అని నేను చెప్పిన. బండి ఆగినంక మూట కిందికి అందించిన. మళ్ల వచ్చి కూసునేటప్పటికి నా భార్య కండ్లు మూసుకొని ఉన్నది. నిద్రవోయిందో లేదో నేను అడగలేదు.