మామయ్యగారి రెండో పంట బంగాళాదుంపలు

ఈ రోజు పొద్దున్న మా పెరట్లో బంగాళాదుంపలు తవ్వాం. తాడేపల్లిగూడెం మీద ఇంకా మంచు విడలేదు. కొల్లేటి వైపు పోతున్న పిట్టలు కనపడలేదు గానీ, వాటి కూతలు మాత్రం పైనుంచి వినిపిస్తూనే ఉన్నాయి.

ఇది రెండో పంట. వానాకాలంలో వేసిన మొదటిది కుళ్ళిపోయింది. ఉండి దగ్గర జీవితమంతా వరి పండించిన మా మామయ్యగారు దుంపల మడికి గట్టు వేసి, వరికి పెట్టినట్టే నీళ్ళు నిలబెట్టేశారు. ఆయన పొలం ఇప్పుడు చేపల చెరువు. అందుకే ఆ మడిని ఆయన ఇష్టానికే వదిలేశాను.

దీపావళి వెళ్ళాక, నీళ్ళు నిలవకుండా ఎత్తుగా మట్టి బోదెలు కట్టి మళ్ళీ వేశాం. ఈసారి ఆయన రోజూ పక్కనే కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, నీళ్ళు పెట్టకుండా తనకు తానే కాపలా కాసుకున్నారు.

మట్టిలో చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంది. ఒక్కొక్క దుంపా నిద్రలోంచి లేచినట్టు మెల్లగా చేతిలోకి వచ్చింది. మంచివన్నీ ఏరి ఆయన ఒక గంపలో విడిగా పెట్టారు.

"అవి కూరకి కాదాండీ, మామయ్యగారూ?" అన్నాను.

"విత్తనానికమ్మా. విత్తనం తీశాకే కదా తిండి! వచ్చే ఏడు ఇంకాస్త ఎక్కువ వేద్దాం."

పొలం చెరువైపోయాక ఆయన నోట 'వచ్చే ఏడు' అన్న మాట వినడం ఇదే మొదటిసారి.

మాకు మిగిలినవి గోళీలంత దుంపలు. కూరకి బజారు నుంచి తెప్పించాను. చెప్పండి, మీరైతే ఆ గంపలోంచి ఒక్క దుంప తీయగలిగేవారా?