పరుగెత్తొద్దన్న మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు శుక్రవారం పొద్దున, మెసయీద్ ఇసుక దిబ్బల కింద ఆయన కోసం ఎదురుచూస్తుండగానే అందింది. ఆయన రూమ్మేట్ ఫోన్ చేశాడు. "మేడం, చాయ్ తీస్కొచ్చి లేపిన. సార్ లేస్తలేడు. డాక్టర్ వచ్చి చూసిండు... నిద్రలనే పోయిండు మేడం."

ప్రతి శుక్రవారం ఆ దిబ్బల దగ్గర ఆయన మాకేం నేర్పేవారో చెబితే మీరు నవ్వుతారు. ఖతార్ ఎండలో, ఇసుకలో, మంచు గురించి. చలికాలం సెలవుల్లో ఇక్కడి నుంచి కొందరు మంచు దేశాలకు వెళ్లి కొండల మీద స్నోమొబైళ్లు తోలుతారు. మంచు మీద పరుగెత్తే మోటారుసైకిళ్లనుకోండి. మా తమ్ముడికి ఆ పిచ్చి పట్టింది. కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారి మనుషుల్ని కప్పేస్తుందని చదివాక నాకు నిద్ర కరువైంది. వాణ్ణి ఆపలేక వాడితో పాటు నేనూ ఈ శిక్షణలో చేరాను.

మాస్టారిది ఒంగోలు వైపు. సైన్యంలో ఏళ్ల తరబడి మంచు కొండల మీద పనిచేసి, ఇక్కడొక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరయ్యారు. గురువారం సాయంత్రం డ్యూటీ దిగాక ఒక్కరే వచ్చి, ఒంటినిండా తొడుక్కునే తన పాత నీలం డ్యూటీ డ్రెస్సు, ఆ కవరాల్‌లో గుడ్డలు కుక్కి, ఛాతీకి బీకన్ కట్టి, ఆ బొమ్మను ఎక్కడో ఇసుకలో పాతిపెట్టేవారు. బీకన్ అంటే సంకేతాలు పంపే, అందుకునే చిన్న పెట్టె; మా అందరి ఛాతీల మీదా ఒకటుండేది. దగ్గరయ్యేకొద్దీ మా పెట్టెల కూత జోరందుకునేది. అప్పుడు పొడవాటి ఊచ గుచ్చి, తగిలిన చోట పారతో తవ్వాలి.

"వాడు లోపల ఊపిరాడక చస్తా ఉంటే మీరు సెల్ఫీలు దిగండయ్యా!" అని వాచీ చూస్తూ తిట్టేవారు. లోపలున్నది గుడ్డలేనని తెలిసినా మనిషి కోసమన్నట్టే తవ్వేదాన్ని.

మొదలుపెట్టే ముందు అందరి ఛాతీల మీదా పెట్టె తట్టి చూసేవారు. నా దగ్గరికొచ్చేసరికి తన ఛాతీ తట్టుకుని, "నీదమ్మాయ్?" అనేవారు. నేనూ తట్టుకుని చూపించేదాన్ని.

ఎడారిలో ఎవరి బండి దిగబడినా, యల్లా, పదండి అంటూ అందరూ పరుగున వెళ్లి తోస్తారు. మంచులో ఆ మంచితనమే చంపుతుందనేవారు మాస్టారు. ఒకడు వాలు మీద ఇరుక్కుంటే రెండోవాడు పైకి వెళ్లకూడదు. ఆ బరువుకి మంచు జారితే ఇద్దరూ పోతారు. మిగతావాళ్లు ఆ దారిలో లేకుండా పక్కన నిలబడి, కన్ను తిప్పకుండా చూడాలి.

తమ్ముణ్ణి దిబ్బ సగంలో ఆపి కేకలేయించేవారు. "అక్కా, ఇరుక్కుపోయా! రావే!" ప్రతిసారీ నేను పరుగెత్తేదాన్ని.

"ఖలాస్. ఇంట్లో ఇద్దరూ పోయారు. ఏందమ్మాయ్ నువ్వు? వాడి మీద ప్రేముంటే కాళ్లు కట్టేసుకుని చూస్తా ఉండు."

"మీరెప్పుడూ పరుగెత్తలేదా మాస్టారూ?" అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను. ఆయన బూటు విప్పి, ఇసుక దులిపి, మళ్లీ లేసు కట్టుకున్నారు. "ఒక్కసారి. నేను బతికా," అన్నారు.

వచ్చే వారమే మంచు కొండలకు మా ప్రయాణం. ఒక్క శుక్రవారమైనా నేను నిలబడింది లేదు. ఇక తిట్టేవాళ్లూ లేరు.

ఫోన్ పెట్టేసి అందరికీ కబురు చెప్పాను. తమ్ముడు, "అక్కా, నిన్న సాయంత్రం మాస్టారు వచ్చి బొమ్మని పాతిపెట్టే ఉంటారు కదా?" అన్నాడు. పెట్టె ఆన్ చేశాడు. కూసింది.

కూత ఏటవాలు దిబ్బ మధ్యలోంచి వస్తోంది. వాడొక్కడే ఎక్కాడు. ఊచ గుచ్చాడు, తవ్వాడు. తవ్వేకొద్దీ పైనుంచి ఇసుక జారి గుంటలో పడుతోంది. వాడి మోకాళ్లు మునిగాయి.

"అక్కా, తగిలింది! ఆయన్ని తియ్యలేకపోతున్నా... రావే!"

ఈసారి నటన కాదు. వాడు ఏడుస్తున్నాడు. నా మడమలు లేచాయి. చెయ్యెత్తి ఛాతీ మీది పెట్టెను తట్టుకున్నాను. వాడి తల మీది ఇసుక అంచు నుంచి కన్ను తీయలేదు.

"పై అంచు కదల్లేదురా, తవ్వు!" అని అరిచాను. "నేను చూస్తున్నా, తవ్వు!"

చాలాసేపటికి వాడు ఆ నీలం కవరాల్‌ని రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని మెల్లగా దిగి వచ్చాడు. దాని చేతుల్లోంచి ఇసుక కారుతోంది. ఛాతీ మీద చిన్న ఎర్ర దీపం ఇంకా కొట్టుకుంటూనే ఉంది.