ఉదయగిరి కొండ కనకాంబరం, తడిగుడ్డ మూట

నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు, దీర్ఘాలు తప్పుంటే మన్నించండి. నా చేతిరాత నాకే సరిగా అర్థం కాదు. దాన్ని చూసి ఫోన్‌లో ఎక్కించేది మా ఆడబిడ్డ సుజాత. కొండ కనకాంబరం విత్తనాల కోసం ఉదయగిరి వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని, రాయమని పట్టుబట్టింది.

ఆత్మకూరు పక్కన మాకున్న కొద్దిపాటి చేలో ఢిల్లీ కనకాంబరం వేశాం. ముదురు రంగు, పెద్ద రేకు. అంగట్లో అదే అడుగుతారు. దానికి పువ్వే గాని విత్తనం పట్టదు, కొమ్మలు నాటి పెంచాలి. వరుసగా రెండోసారి కూడా తెగులు తగిలి మొక్కలు నిలువునా ఎండిపోయాయి.

"ఎల్లుండి ట్రాక్టరు పెట్టి దున్నించేస్తా. బెంగుళూరు పోయి బిల్డింగు పని చేసుకుందాం" అన్నాడు మా ఆయన.

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. పూలు కోసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. ఆ చేను కూడా పోతుందని ఏడుస్తుంటే, మా ఆయన వాళ్ళ అవ్వ నన్ను దగ్గరకు పిలిచింది. "ఉదయగిరి కొండ మీద కనకాంబరం ఉండాదే, విత్తనంతో మొలిచేది. దానికి తెగులు తగలదు. పోయి తెచ్చుకో." విత్తనం తెస్తే చేను ఉంచుతానని ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు ఆత్మకూరులో బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. సుమారు రెండు గంటల ప్రయాణం. ఉదయగిరి బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ఆటోకు ముప్పై రూపాయలిచ్చి కొండ కింద దిగాను. ఒక ఇంటి అరుగు మీద పెద్దామె చెక్క గరిటెలు నున్నగా రుద్దుతోంది. అడగలేక అక్కడే నిలబడిపోయాను. చివరికి ఆమే తలెత్తింది.

"ఏంది పాపా, గరిటె కావాల్నా? మాటలు రావా?"

"కనకాంబరం..." అన్నాను.

"పూలు అంగట్లో ఉండాయి గదా, దానికి కొండెక్కేదెందుకు?" అని నవ్వింది. సంగతి విన్నాక మాత్రం గరిటె పక్కన పెట్టి, తనే నా ముందు నడిచింది.

కొండ మీది పాత కోటకు పోయే దారిలో కొంత ఎక్కాక, బండల సందున నాలుగు పొదలు కనిపించాయి. పువ్వు చిన్నది, రంగు వెలిసినట్టుంది. ఇది కనకాంబరమేనా అని నాకు అనుమానం వచ్చింది.

"జాతి ఒకటే పాపా. ఇది కొండది, పెరట్లోది నాటుది, నీది ఢిల్లీది. రంగు మారేకొద్దీ మనుషులు పేరు మార్చినారు. ఎండిన కంకులు కోసుకో, విత్తనం వాటిల్లోనే ఉంటాది. మేకలు మిగిల్చింది ఈ నాలుగే."

కంకులన్నీ కోశాను. ఢిల్లీ కొమ్మలు వాడిపోకుండా ఎప్పుడూ చేసినట్టే, గుడ్డ తడిపి మూటగట్టి, కొండ దిగి మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కాను. సగం దారిలో ఒళ్ళో ఏదో టప్పుమంది. ఇంకోటి. ఆ తర్వాత పేలాలు వేగినట్టు వరసగా. నేను పెంచిన మొక్కకు ఏనాడూ కాయ కాయలేదు. ఈ కంకుల్లోని కాయలు తడి తగిలితే పగులుతాయని నాకు తెలియదు. భయపడి మూట విప్పాను. గింజలన్నీ ఎగిరి సీట్ల కింద పడ్డాయి.

"ఏందమ్మా, టపాకాయలు తీసకపోతా ఉండావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

ఎదుటి సీటులో ఇద్దరు మగవాళ్ళ చెప్పుల పక్కనే గింజలు కనబడుతున్నాయి. కాస్త కాళ్ళు తీయండి అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆత్మకూరులో దిగేవాళ్ళందరూ వాటిని తొక్కుకుంటూ పోయారు. వాళ్ళ వెనకాలే నేనూ దిగాను. గుడ్డలో ఖాళీ తొక్కలు మిగిలాయి.

"దొరికినాయా?" అని మా ఆయన అడిగాడు.

"లేవంట" అన్నాను.

తెల్లారి ట్రాక్టరు వచ్చింది. గట్టు మీద నిలబడి చూశాను. ఢిల్లీ, నాటు, కొండ అని పువ్వును చూసి రకం చెప్పేయగలను. కాయ ఎలా ఉంటుందో, దానికి ఏం పడదో ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. ఆదివారం బెంగుళూరు వెళ్తున్నాం. అక్కడ ప్రతిదీ నోరు తెరిచి అడగాల్సిందేనట.

వెళ్ళేవాళ్ళు ఎండు కంకులను పొడి కాగితంలో చుట్టుకోండి, నీళ్ళ సీసా ఉన్న సంచిలో పెట్టకండి.

సుజాతా, ఇది ఎక్కించాక కాగితం పొయ్యిలో పెట్టెయ్. మీ అన్న ఫోన్‌లో ఇవేవీ చదవడు గాని, కాగితం కనబడితే చదువుతాడు. కొండ మీద ఏమీ లేవనే ఆయన అనుకోనీ.